మూడు నిమిషాలయ్యాయండి

కానిస్టేబుల్ మీరావలి కాగితం తెచ్చాడు.
మా గోడ మీద కెమెరా పెడతారట,
బ్రాడీపేట నాలుగో లైనుకి మంచిదట,
సంతకం పెట్టమన్నాడు.
కుర్చీ వేశాను. మజ్జిగ ఇచ్చాను.
పెన్ను మాత్రం తీసుకోలేదు.

ఇక్కడ నన్ను ట్రంకు కరుణమ్మ అంటారు బాబూ.
ముప్పై నాలుగేళ్లు గుంటూరు ఎక్స్ఛేంజిలో
చెవులకి బరువు తగిలించుకుని కూర్చున్నదాన్ని.
ఈ ఊరి గుట్టంతా నా చెవుల మీదుగానే
బొంబాయి వెళ్లింది, కలకత్తా వెళ్లింది.
యార్డులో సన్నాల ధర
కొన్నవాడికంటే ముందు నాకే తెలిసేది.
భిలాయిలో ఉన్న మొగుడికి కాల్ బుక్ చేసి
మూడు నిమిషాలూ ఒక్క మాటా మాట్లాడని మనిషి
ఊపిరి నాకింకా గుర్తు.
"మూడు నిమిషాలయ్యాయండి, పొడిగించమంటారా?"
ఆ రోజు అడగడానికి నోరు రాలేదు.
మర్నాడు కూరగాయల బండి దగ్గర ఆమే తగిలింది.
గొంతు పోల్చుకున్నాను.
వంకాయలు లేతగా ఉన్నాయన్నాను, అంతే.

వినడానికి జీతమిచ్చారు.
మర్చిపోయినట్టుండడం నేనే నేర్చుకున్నాను.

ఒక్కసారి మాత్రం...
ఎమర్జెన్సీ. సూపర్‌వైజరు నా ముందు చీటీ పెట్టాడు,
దాని మీద నాలుగంకెలు.
"ఈ నంబరు మాట్లాడిందంతా రాయి. దేశ భద్రత."
దేశమంత పెద్ద మాట నా బోర్డు దాకా వచ్చిందని,
నిజం చెప్పొద్దూ, గర్వపడ్డాను.
అరండల్‌పేట కోటిలింగం మాస్టారి నంబరది.
లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు.
పదకొండు రోజులు రాశాను, గుండ్రటి అక్షరాలతో.
చెల్లెలి పురుడు. అప్పు వాయిదా.
నరసరావుపేట నించి ఎవరో "పుస్తకాలు పంపాం" అన్నారు.
పుస్తకాలంటే పుస్తకాలో కావో నాకు తెలీదు,
ఇప్పటికీ తెలీదు.
విన్నది విన్నట్టే రాశాను.
పద్ధెనిమిది నెలలకి వచ్చాడు మాస్టారు.
కుడి చెయ్యి పైకి లేచేది కాదు.
బోర్డు మీద లెక్క వెయ్యాలంటే
పిల్లాడెవడో సుద్దముక్క పట్టుకునేవాడు.

మీరావలి గ్లాసు కింద పెట్టాడు.
"అది వేరే కాలం, మామ్మా."

కావచ్చు.
నేను కెమెరాకి శత్రువునేం కాను.
మొన్న మాఘంలో పక్కింటి సుగుణరత్నం మనవడు తప్పిపోతే
ఒక స్తంభం ఇంకో స్తంభానికి అప్పజెప్పుకుంటూ
ఏటుకూరు రోడ్డు దాకా వాడి జాడ తీశాయి.
జీళ్ల పొట్లంతో దొరికాడు వెధవ.
ఆ రాత్రి ప్రార్థనలో
కెమెరాల పేరు కూడా చెప్పాను.

అందుకే అడుగుతున్నా,
దీనికి ఎన్నాళ్లు గుర్తుంటుంది?
"ముప్పై రోజులు. తర్వాత దానంతటదే చెరిగిపోద్ది."
చెరిగిందని ఎవరు చూస్తారు?
కాగితం తిప్పి చూశాడు. వెనక ఖాళీ.
సుగుణ కూతురు రాత్రి ఎవరి బండి దిగుతుందో,
నా గుమ్మంలో ఎవరి చెప్పులున్నాయో,
రేపెవరైనా నీకూ చీటీ పెట్టి అడిగితే?
నీ వయసులో నేనూ
కాదనొచ్చని తెలియనిదాన్నే.

సంతకం పెట్టాను.
పెట్టి, నిచ్చెన కూడా నేనే ఇచ్చాను.
కింద నిలబడి చెప్పాను:
రోడ్డు వైపు. ఇంకాస్త.
గుమ్మం వద్దు, సుగుణ కిటికీ వద్దు,
ఇంకాస్త నాయనా,
ఆ తీగ మీద ఆరేసిన బట్టలు వద్దు.
మర విప్పాడు, తిప్పాడు, బిగించాడు.

రాత్రి దాని ఎర్రచుక్క వెలిగింది.
వరండాలో కూర్చుని దాన్నే చూస్తున్నాను.
తిప్పినచోటే ఉందో, మళ్లీ ఇటు తిరిగిందో
కింద నించి తెలీదు.
పాత అలవాటు, నోటికొచ్చేసింది.
పైకే అన్నాను:
మూడు నిమిషాలయ్యాయండి.
పొడిగించమంటారా?